జింకలు జతకట్టే కాలం ఏది? విశాఖ కొండల్లో ఒకటికి మూడు జవాబులు

సంక్షిప్తంగా: చలి దేశాల్లో జింకలు పగటి పొడవును బట్టి ఏడాదికి ఒక్కసారి, దాదాపు అన్నీ కలిసి ఒకే నెలలో జతకడతాయి. విశాఖపట్నం ఉన్న అక్షాంశంలో ఏడాది పొడవునా పగలు పెద్దగా పెరగదు, తరగదు. అందుకే ఇక్కడి చుక్కల దుప్పి, కణుజు (సాంబార్), మొరిగే జింక ఒకే కొండ మీద మేస్తున్నా వేర్వేరు నెలల్లో ఎదకు వస్తాయి. వాన, మేత, తల్లి ఒంట్లో ఉన్న పుష్టి కలిసి వాటి ముహూర్తం పెడతాయి. రుతువులు మారుతున్న తీరు, నగరం అడవి అంచుదాకా పాకిన తీరు ఆ ముహూర్తాన్ని ఎటు లాగుతాయన్నది ఇప్పటి ప్రశ్న.

ఒకే కంచె వెనుక మూడు రకాల తలలు

విశాఖ జూ పార్కులో చుక్కల దుప్పుల దగ్గర కాసేపు నిలబడితే ఒక వింత కనిపిస్తుంది. ఒక మగ దుప్పికి ఒక్కో కొమ్ముకు మూడు కొనలు తేలి ఉంటాయి. కొనలు తెల్లగా నునుపుదేరి, మొదళ్లు చెట్టు బెరడు రంగులో ఉంటాయి. దాని పక్కనే నీడలో నెమరు వేస్తున్న ఇంకో మగదానికి కొమ్ములు మొద్దుగా, ఎలుక బొచ్చు లాంటి నూగుతో ఉంటాయి. ఈగ వాలితే చాలు, తల విదిలిస్తుంది. మూడోదానికి నెత్తిమీద రెండు ఎర్రటి మచ్చలు తప్ప ఏమీ ఉండవు. పిల్లలతో వచ్చినవాళ్లలో చాలామంది మూడోదాన్ని ఆడదనుకుంటారు, రెండోదానికి ఏదో జబ్బు చేసిందనుకుంటారు. మూడూ ఆరోగ్యంగా ఉన్న మగవే. ఒక్కొక్కటి తన ఏడాదిలో ఒక్కో దశలో ఉంది, అంతే.

గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. టీవీలో, ఫోన్లలో కనిపించే జింకల వీడియోలు ఎక్కువగా యూరప్, అమెరికా అడవులవి. శరదృతువు పొగమంచులో మగవి గర్జిస్తాయి, కొమ్ములతో ఢీకొంటాయి, వేసవి ముందు పిల్లలు పుడతాయి. అది చూసినవాళ్లు మన దగ్గరా అక్టోబరే జింకల సీజన్ అనుకుంటారు. కానీ విశాఖలో అక్టోబర్ అంటే తుపాన్ల నెల. అప్పుడు మగ చుక్కల దుప్పుల్లో ఎన్నో కొమ్ములు రాల్చేసి కొత్తవి పెంచుకునే పనిలో ఉంటాయి. జనవరిలో పాలు తాగుతున్న పిల్లలు కనిపిస్తే మళ్లీ అనుమానం: ఇవి ఎప్పుడు కట్టాయి, ఎప్పుడు ఈనాయి?

పేర్ల గొడవ కూడా ఒకటుంది. తెలుగులో జింక అనే మాట చాలా జంతువుల్ని కలిపేస్తుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక అసలు ఈ కుటుంబానిది కాదు. దాని కొమ్ములు రాలవు, మేక కొమ్ముల్లా జీవితాంతం ఉంటాయి. తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల దుప్పి మాత్రం ఏటా కొమ్ములు రాల్చే అసలు జింకే. ఈ వ్యాసంలో మాట్లాడుకునేది కొమ్ములు రాల్చే జాతి గురించే.

లెక్క వెనక నుంచి మొదలవుతుంది

జత ఎప్పుడు కట్టాలి అన్నది ప్రకృతి నేరుగా తేల్చే విషయం కాదు. పిల్లను పెంచడానికి ఏ నెలలు అనువైనవి అన్నది ముందు తేలుతుంది. అక్కడి నుంచి చూలు నెలలు వెనక్కి లెక్కబెడితే జతకట్టే నెల వస్తుంది. పెళ్లికి పంతులుగారు ముహూర్తం పెట్టాక, పత్రికలు ఎప్పుడు అచ్చు వేయించాలో ఇంట్లోవాళ్లు వెనక్కి లెక్క వేసుకున్నట్టు.

చూలు కాలం మాత్రం పెద్దగా మారదు. యూరప్ ఎర్ర జింకకు సుమారు 8 నెలలు. మన చుక్కల దుప్పికీ, కణుజుకూ దాదాపు అంతే. చిన్నదైన మొరిగే జింకకు 7 నెలలకు కాస్త అటూ ఇటూ. తల్లికి అన్నిటికన్నా బరువైన కాలం చూలు మోసే రోజులు కూడా కావు, ఈనిన తర్వాత మొదటి వారాలు. పాలిచ్చే తల్లికి కావలసిన మేత మామూలు రోజులతో పోలిస్తే దాదాపు రెట్టింపు. ఆ వారాల్లో చుట్టూ పచ్చి మేత ఉంటే పిల్ల బతుకుతుంది. లేకపోతే పాలు తగ్గుతాయి, పిల్ల చిక్కుతుంది, తల్లి కూడా మరుసటి ఏడాది ఆలస్యంగా ఎదకు వస్తుంది, లేదా ఆ ఏడాది పూర్తిగా వదిలేస్తుంది.

చలి దేశంలో ఈ లెక్కలో వెసులుబాటు లేదు. మంచు కరిగి చిగురు వేసే కిటికీ కొన్ని వారాలే. స్కాట్లండ్ ఎర్ర జింక మే చివర్లోనో జూన్‌లోనో ఈనాలి. ముందు ఈనితే పిల్ల చలికి పోతుంది, ఆలస్యంగా ఈనితే చలికాలం వచ్చేసరికి పిల్లకు కొవ్వు పట్టదు. అందుకే జతకట్టడం సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్‌లోపు ముగిసిపోవాలి. అన్నీ ఒకేసారి ఈనడంలో ఇంకో లాభముంది. రెండు వారాల్లో వందల పిల్లలు పుడితే వేటాడే జంతువులు కొన్నిటినే తినగలవు, మిగతావి గట్టెక్కుతాయి.

యూరప్‌లోనే రో అనే చిన్న జింక ఈ లెక్కను ఇంకో దారిలో తెగ్గొట్టింది. అది జూలై, ఆగస్టులో జతకడుతుంది. పిండం మాత్రం సన్నటి గుండ్రటి చుక్కలా గర్భంలో అయిదు నెలలు అతుక్కోకుండా ఆగి, డిసెంబర్ చివర్లోనో జనవరిలోనో పెరగడం మొదలుపెడుతుంది. ఈత మళ్లీ మే, జూన్‌లలోనే. దాన్ని బట్టి చూస్తే జతకట్టే తేదీ ఎటు జరిగినా పరవాలేదు, ఈనే తేదీకే అసలు బిగింపు.

పగటి పొడవు అనే గడియారం

ఎనిమిది నెలల తర్వాత గడ్డి ఎలా ఉంటుందో జింకకు ముందే ఎలా తెలుస్తుంది? తెలియదు. దాని శరీరం నమ్మేది ఏటా తప్పకుండా ఒకేలా తిరిగే ఒకే ఒక్క గుర్తును, అదే పగలు రాత్రుల పొడవు.

చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ను వదులుతుంది. రాత్రి ఎంత పొడవైతే ఆ హార్మోన్ రక్తంలో అంతసేపు ఉంటుంది. అంటే అది శరీరానికి రాత్రి పొడవు కొలిచి చెప్పే కొలత. వేసవి దాటి రాత్రులు పెరుగుతున్నాయని ఆ కొలత చెప్పగానే మెదడు పునరుత్పత్తి హార్మోన్లకు తలుపు తెరుస్తుంది. మగదానిలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ పెరుగుతుంది, కొమ్ము గట్టిపడి నూగు ఊడుతుంది, మెడ బలుస్తుంది, గొంతు మారుతుంది. ఆడది 18 రోజులకు అటూ ఇటూ ఒకసారి చొప్పున ఎదకు రావడం మొదలుపెడుతుంది.

ఇదంతా ఊహ కాదనడానికి న్యూజిలాండ్ మంచి రుజువు. 19వ శతాబ్దంలో బ్రిటన్ నుంచి అక్కడికి ఓడల్లో తీసుకెళ్లిన ఎర్ర జింకలు ఇప్పుడు మార్చి, ఏప్రిల్‌లలో గర్జిస్తాయి. భూమధ్యరేఖ దాటగానే వాటి క్యాలెండర్ సరిగ్గా ఆరు నెలలు తిరగబడింది. అక్కడి జింకల ఫారాల్లో వేసవిలోనే మెలటోనిన్ ఇచ్చి ఆడవాటిని కొన్ని వారాలు ముందుగా ఎదకు రప్పించిన అనుభవం కూడా ఉంది. రాత్రులు పెరిగాయని శరీరం మోసపోతుంది.

పగటి పొడవు పెట్టేది ముతక ముహూర్తమే. తేదీని దగ్గరగా సరిచేసేవి వేరే ఉన్నాయి. స్కాట్లండ్‌లోని రమ్ దీవిలో దశాబ్దాలుగా ఎర్ర జింకల్ని ఒక్కొక్కటిగా గుర్తుపట్టి నమోదు చేస్తున్నారు. పిల్లను మేపిన తల్లి, ఆ ఏడాది పిల్ల లేని తల్లికన్నా ఆలస్యంగా చూలు కడుతుందని అక్కడ తేలింది. మగదాని గర్జన వింటూ ఉన్న ఆడజింకలు కొంచెం ముందుగా ఎదకు వస్తాయని 1987లో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపించింది. ఒంటి పుష్టి, చెవిన పడే శబ్దం, చుట్టూ ఉన్న మంద, ఇవన్నీ గడియారం ముల్లును కాస్త ముందుకో వెనక్కో జరుపుతాయి.

విశాఖలో తేడా రెండు గంటలే

ఇప్పుడు ఈ గడియారాన్ని విశాఖకు తెచ్చి చూడాలి. రమ్ దీవి 57 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అక్కడ జూన్‌లో పగలు పదిహేడున్నర గంటలు దాటుతుంది, డిసెంబర్‌లో ఏడు గంటలు కూడా ఉండదు. విశాఖ 17.7 డిగ్రీల దగ్గర ఉంది. ఇక్కడ అతి పొడవైన పగలు 13 గంటలకు కాస్త ఎక్కువ, అతి చిన్న పగలు 11 గంటలు. తేడా మొత్తం రెండు గంటల చిల్లర. ఆ గుర్తు ఉంది కానీ గొంతు చిన్నది.

దానికి తోడు ఇక్కడ చంపేసేది చలి కాదు. విశాఖను ఆనుకుని ఉన్న కంబాలకొండ అడవిలో డిసెంబర్‌లో పుట్టిన పిల్ల చలికి పోదు. కష్టకాలం ఫిబ్రవరి నుంచి మే దాకా సాగే ఎండు నెలలు. జూన్‌లో నైరుతి రుతుపవనాలతో పచ్చదనం మొదలవుతుంది. ఉత్తరాంధ్ర తీరానికి సెప్టెంబర్, అక్టోబర్‌లలో వాయుగుండాలతో మరో విడత వాన వస్తుంది. అంటే పచ్చి మేత దొరికే కిటికీ ఆరేడు నెలలు తెరిచే ఉంటుంది. ఇంత పెద్ద కిటికీ ఉన్నప్పుడు అందరూ ఒకే పక్షంలో ఈనాల్సిన అవసరం తగ్గిపోతుంది.

వానకూ ఎదకూ ఉన్న సంబంధం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందని సామెత. గేదెలు పెంచేవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుసు. వానలు పడి గడ్డి వచ్చాక, చలికాలం దాకా గేదెలు బాగా ఎదకు వస్తాయి. ఎండాకాలంలో వచ్చినా అది బయటికి కనిపించదు, దాన్నే మూగ ఎద అంటారు. వేడి, పచ్చిమేత లేకపోవడం, ఒంట్లో కొవ్వు తగ్గడం, ఈ మూడూ అక్కడా పనిచేసేవే. ఆడ జంతువు శరీరంలో కొవ్వు ఒక హద్దుకన్నా తగ్గితే అండం విడుదలయ్యే వ్యవస్థను మెదడే అణచిపెడుతుంది. చూలు మోయలేని ఒంటికి చూలు వద్దని దాని అర్థం. (మృగశిర అనే పేరుకు మాత్రం జింకల ఎదతో సంబంధం లేదు. ఆ నక్షత్రాల గుంపు జింక తలలా కనిపించడం వల్ల వచ్చిన పేరది.)

ఒకే కొండ, మూడు క్యాలెండర్లు

కంబాలకొండ అభయారణ్యం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. దాని వెనక అరకు, పాడేరు వైపు తూర్పు కనుమలు లేస్తాయి. ఈ మొత్తం ప్రాంతంలో మూడు రకాల జింకలను పోల్చి చూస్తే ఉష్ణమండలంలో ఈ లెక్క ఎన్ని రకాలుగా తేలుతుందో అర్థమవుతుంది.

చుక్కల దుప్పిది గుంపు బతుకు, గడ్డి మేత. ఏడాదిలో ఏ నెలలో చూసినా గుంపులో ఏదో ఒక మగదానికి గట్టి కొమ్ములుంటాయి, ఏదో ఒక ఆడది ఈనుతూనే ఉంటుంది. అయినా మధ్య భారతంలోనూ, దక్షిణాదిలో చాలాచోట్లా జతకట్టడం ఎండాకాలంలో, తొలకరి దాకా ఎక్కువగా ఉంటుంది. 1960లలో మధ్యప్రదేశ్‌లోని కాన్హాలో వన్యప్రాణి శాస్త్రవేత్త జార్జ్ షాలర్ చేసిన పరిశీలనలో కూడా ఇదే కనిపించింది. అదే అడవిలో బారసింగాలు అనే మరో రకం జింకలు మాత్రం నడి చలికాలంలో జతకట్టాయి. ఎండాకాలం జత అంటే ఈతలు డిసెంబర్ నుంచి మొదలై వేసవి ముందు నెలల దాకా ఎక్కువగా పడతాయి.

మొదట చూస్తే ఇది తప్పుడు లెక్కలా ఉంటుంది. గడ్డి ఎండిపోయే ముందు ఎవరైనా ఈనుతారా? ఈ చిక్కుకు ఒప్పుకోదగిన వివరణ ఒకటుంది. చూలు బరువెక్కే నెలలు సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా, అంటే వానల మేత తిని తల్లి ఒంటికి కొవ్వు పట్టిన నెలలు. ఆ పొదుపు మీద పాలిస్తుంది. వానకు పెరిగిన గడ్డి ఇంకా నిలువుగానే ఉంటుంది కాబట్టి పిల్లకు దాక్కునే చోటుంటుంది. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపూలు రాలతాయి, చలికాలమంతా ఉసిరికాయలు దొరుకుతాయి. రెండిటికీ దుప్పులు ఎగబడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఆరు నెలల వయసులో పాలు మానేసే సమయానికి పిల్ల ముందు జూన్, జూలైల లేత పచ్చిక ఉంటుంది. చలి దేశపు జింక తల్లి పాలను పచ్చికతో జతచేస్తే, చుక్కల దుప్పి పిల్ల పాలు మానడాన్ని పచ్చికతో జతచేసింది.

కణుజుది వేరే దారి. అందరికీ తెలిసిన పేరు సాంబార్. ఒంటరిగానో, రెండు మూడు కలిసో, దట్టమైన అడవిలో ఆకూ అలమూ తింటూ తిరిగే పెద్ద జంతువు అది. దాని జత ఎక్కువగా శరత్తు చివరి నుంచి చలికాలంలోకి సాగుతుంది. నవంబర్, డిసెంబర్‌లు గట్టి నెలలు. ఎనిమిది నెలలు కలిపితే ఈతలు వానాకాలం మొదట్లో పడతాయి. ఇది పాఠ్యపుస్తకం లెక్క: తల్లి పాలిచ్చే వారాల్లోనే చెట్లు చిగురిస్తాయి. అంటే చుక్కల దుప్పి మగది ఎదమీద అరుస్తున్న రోజుల్లో ఆడ కణుజు నిండు చూలుతో ఉంటుంది. ఒకే సూర్యుడి కింద, ఒకే వాన కింద ఈ రెండు క్యాలెండర్లు దాదాపు తిరగేసినట్టు ఉంటాయి.

కణుజు ఎద దశలో జూలోనూ అడవిలోనూ చూసేవాళ్లను కంగారుపెట్టే గుర్తు ఒకటుంది. గొంతు కింద, మెడ మొదట్లో వెంట్రుకలు ఊడి అరచేయంత మచ్చ ఎర్రగా, తడిగా, నెత్తురు చిమ్మినట్టు తయారవుతుంది. అచ్చం ముళ్లకంచె గీసుకుని ఒరిసిపోయిన పుండులా ఉంటుంది. వైద్యం చేయడం లేదని సందర్శకులు కోప్పడే అవకాశమున్న మచ్చ ఇది. కానీ అది గాయం కాదు, స్రావాలు ఊరే చోటు. మగ కణుజు అప్పుడు బురదలో పొర్లి, మెడను చెట్ల మొదళ్లకు రుద్ది తన వాసన అంటిస్తుంది. ఆడవాటిలోనూ ఆ మచ్చ కనిపిస్తుంది.

ఇక మొరిగే జింక. కుక్కలా మొరుగుతుంది కాబట్టి ఆ పేరు. దానికి క్యాలెండరే లేదని చెప్పినా పెద్ద తప్పు కాదు, ఏడాది పొడవునా ఈనుతుంది. దాని దగ్గరి బంధువైన చైనా రకాన్ని ఇంగ్లండ్‌కు తీసుకెళ్లి వదిలితే, అక్కడి మంచులో కూడా నెలతో పనిలేకుండా ఈనుతోంది. తల్లి ఈనిన కొద్ది రోజులకే మళ్లీ చూలు కడుతుంది. చిన్న శరీరం, పొదల్లో రాలిన పండ్లు, లేత ఆకులు ఏరుకుని తినే అలవాటు ఉన్న జంతువుకు ఏ నెల అయినా ఒకటే. అంతంత మాత్రం మేతతో నెట్టుకురాగలదు.

చుక్కల దుప్పి కూడా ఊరు మారినా అలవాటు మార్చుకోని జంతువే. బ్రిటన్ జూలలో పెట్టినప్పుడు అక్కడి పొడవాటి వేసవి పగళ్లకు అది లొంగలేదు. మగవి ఒక్కొక్కటి ఒక్కో నెలలో కొమ్ములు రాల్చాయి. 1868లో హవాయి రాజుకు కానుకగా పంపిన కొద్ది దుప్పుల సంతతి ఈరోజు ఆ దీవుల్లో పంటలకు తలనొప్పిగా మారింది. చంపే చలి లేని చోట, ఏ నెలలోనైనా ఈనగలిగే జంతువు ఎంత వేగంగా పెరుగుతుందో అక్కడ తెలిసింది.

కొమ్మును చూసి నెల చెప్పవచ్చా

ఒక్క మగదాని విషయంలో చెప్పవచ్చు, మంద విషయంలో కష్టం. కొమ్ము నడిచేది టెస్టోస్టెరాన్ మీద. అది పడిపోతే కొమ్ము మొదట్లో ఎముక వదులై రాలిపోతుంది. తక్కువగా ఉన్నన్నాళ్లూ నూగు చర్మం కింద కొత్త కొమ్ము రక్తం తాగి పెరుగుతుంది. మళ్లీ పెరిగితే రక్తం ఆగి, కొమ్ము ఎముకలా గట్టిపడి, నూగు చీలికలై వేలాడుతుంది. అప్పుడు ఆ జంతువు పొదలకు కొమ్ములు రుద్ది నూగు వదిలించుకుంటుంది. గట్టి కొమ్ము ఉన్నంతకాలమే అది జతకు సిద్ధం.

కాబట్టి జూలో ఒకే కంచె వెనుక మూడు దశలు కనిపించడం వింత కాదు. ప్రతి మగ చుక్కల దుప్పికీ సుమారు ఏడాది పొడవున్న తన సొంత చక్రం ఉంటుంది, పక్కదానితో అది కలవాలనే నియమం లేదు. వయసులో ఉన్న బలమైన మగవి చాలావరకు ఎండాకాలానికి గట్టి కొమ్ములతో తయారవుతాయి. కుర్రవి వెనకబడతాయి. అడవిలో ఈ తేడాను మేత కొరత కొంత దగ్గరకు లాగుతుంది. జూలో ఏడాదంతా పచ్చిమేత, దాణా, నీళ్లు ఒకే కొలతలో అందుతాయి కాబట్టి ఆ లాగుడు ఉండదు. జూ మందను చూసి అడవి మందకు క్యాలెండర్ రాస్తే తప్పుతుంది. దేశంలో చాలా జూలు చుక్కల దుప్పులు ఎక్కువైపోయి మగవాటినీ ఆడవాటినీ వేరుచేయాల్సి రావడం వెనక కారణం కూడా ఇదే. ఈతలకు అక్కడ ఆఫ్ సీజన్ అంటూ లేదు.

రుతువు జరిగితే ఏమవుతుంది

యూరప్‌లో దీనికి జవాబు రెండు రకాలుగా వచ్చింది. రమ్ దీవిలో 28 ఏళ్ల నమోదుల్ని పరిశీలిస్తే ఎర్ర జింకల ఎద, ఈత, కొమ్ము తేదీలు 5 నుంచి 12 రోజులు ముందుకు జరిగాయి. వసంతం ముందుకు వస్తుంటే అవీ వచ్చాయి. ఫ్రాన్స్‌లోని త్రువా ఫోంతేన్ అడవిలో రో జింకలది దీనికి పూర్తిగా ఎదురు కథ. 27 ఏళ్లలో వసంతం ముందుకు జరిగినా వాటి ఈత తేదీ కదల్లేదు. చిగురుకూ పిల్లకూ మధ్య ఎడం 36 రోజులు పెరిగింది, పిల్లల బతుకు మీద, మంద పెరుగుదల మీద దెబ్బ పడింది. తేడాకు కారణం గడియారమే. ఎర్ర జింక క్యాలెండర్‌లో మేతకు, ఒంటి పుష్టికి కాస్త చోటుంది. రో జింకది పూర్తిగా పగటి పొడవుకు కట్టేసిన క్యాలెండర్. పగటి పొడవు వాతావరణంతో పాటు మారదు.

ఈ పోలికను విశాఖకు తెస్తే చుక్కల దుప్పి కొంత సుఖంగా ఉందని చెప్పాలి. ఈతలు నెలల తరబడి పరుచుకుని ఉన్నాయి కాబట్టి రుతుపవనాలు రెండు వారాలు ఆలస్యమైనా మొత్తం పిల్లలు ఒక్కసారి దెబ్బతినవు, కొన్ని తప్పుడు నెలలో పుడితే కొన్ని సరైన నెలలో పుడతాయి. కణుజుకు అంత వెసులుబాటు కనిపించదు. దాని ఈతలు వానాకాలం మొదటికి దగ్గరగా ఉన్నాయి. జూన్ ఎండిపోయిన ఏడాది పాలిచ్చే తల్లులకే మొదటి దెబ్బ. అయితే ఇక్కడి అసలు ప్రమాదం తేదీ తప్పడంలో కన్నా ఎండు నెలలు సాగడంలో ఉంది. మే నెలలో నీటి గుంటలు ఎండిపోతే, అప్పుడే జతకట్టే ఊపులో తిండి తగ్గించి తిరిగే మగ చుక్కల దుప్పి త్వరగా చిక్కిపోతుంది. ఆడది బక్కచిక్కితే ఎద తప్పుతుంది. ఆ లోటు ఎనిమిది నెలల తర్వాత, పిల్లలు తగ్గినప్పుడు గాని బయటపడదు. కారణాన్ని చాలామంది అప్పటి వాతావరణంలో వెతుకుతారు, అది గడిచిన ఎండాకాలంలో ఉంటుంది.

తుపాను ఇంకో రకం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు జూలోనూ కంబాలకొండలోనూ చెట్లు పెద్ద సంఖ్యలో కూలాయి. అక్టోబర్ మధ్య అంటే చుక్కల దుప్పి తల్లులు చూలు బరువెక్కుతున్న సమయం, కణుజులు జతకు సిద్ధమవుతున్న సమయం. ఒకే గాలి రెండు జాతులకు రెండు రకాల నష్టం చేస్తుంది.

నగరం అడవి అంచుదాకా వచ్చాక

కంబాలకొండకు ఒకవైపు జాతీయ రహదారి, చుట్టూ కాలనీలు. రాత్రి పొడవును కొలిచే జంతువుకు రాత్రే వెలుగైపోతే? దీనికి దగ్గరి ఉదాహరణ ఆస్ట్రేలియా నుంచి ఉంది, అదీ జింకది కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని గార్డెన్ ఐలండ్ నౌకాదళ స్థావరం దీపాల దగ్గర మేసే టమ్మర్ వాలబీల్లో (చిన్న కంగారూ లాంటి జంతువులు) మెలటోనిన్ తగ్గిందని, వాటి ఈతలు చీకట్లో ఉన్నవాటికన్నా సుమారు నెల ఆలస్యమయ్యాయని 2015లో ప్రచురించారు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊళ్లో చదివితే ఈ సంగతి కాస్త దగ్గరగా అనిపిస్తుంది. కానీ పోలిక హద్దులు దాటించకూడదు. వాలబీ పగటి పొడవుకు గట్టిగా కట్టుబడిన జంతువు, చుక్కల దుప్పి కాదు. దీపాల వల్ల ఇక్కడ తేదీలు మారడం కన్నా, వెలుగున్న అంచుల్లో మేయడానికి జంకడం, ఊరకుక్కలకు సులువుగా చిక్కడం ముందు జరిగే నష్టాలు.

మన్యంలో చైత్రంలో వచ్చే ఇటుకల పండుగకు మగవాళ్లు అడవిలోకి వేటకు వెళ్లడం తరతరాల ఆచారం. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరమైంది. క్యాలెండర్ ప్రకారం చూస్తే ఆ నెలలో ఆడ కణుజు చూలుతో ఉంటుంది, చుక్కల దుప్పి పిల్లలు ఇంకా పాల మీదే ఉంటాయి. మిగతా నెలలతో పోలిస్తే అప్పుడు పడే ఒక్క జంతువు వెనక ఇంకో ప్రాణం పోయే అవకాశం ఎక్కువ.

లెక్కింపు మీద కూడా ఈ క్యాలెండర్ ప్రభావం ఉంది. వంద ఆడవాటికి ఎన్ని పిల్లలున్నాయన్నది మంద ఆరోగ్యానికి వాడే కొలత. చుక్కల దుప్పుల్ని ఫిబ్రవరిలో లెక్కిస్తే ఆ అంకె ఎక్కువ వస్తుంది, సెప్టెంబర్‌లో లెక్కిస్తే తగ్గుతుంది. కణుజుల్లో సరిగ్గా దీనికి ఎదురు. ఒక ఏడాది చలికాలంలో, మరో ఏడాది వానాకాలంలో లెక్కించి రెండు అంకెల్నీ పక్కపక్కన పెడితే, మందలో ఏమీ మారకపోయినా సగం పిల్లలు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది.

జనవరి, ఫిబ్రవరిలలో కొండ అంచున నడకకు వెళ్లేవాళ్లకు పొదలో ఒంటరిగా పడుకున్న దుప్పి పిల్ల కనిపించవచ్చు. పుట్టిన మొదటి వారం పది రోజులు అది కదలకుండా, చెవులు వెనక్కి వాల్చి, మెడ నేలకు ఆనించి పడుకుంటుంది. మనిషి దగ్గరకు వచ్చినా లేవదు. తల్లి వదిలేసిందనుకుని ఇంటికి తెచ్చేవాళ్లున్నారు. తల్లి వదిలేయలేదు. వాసన పట్టి చిరుత రాకూడదని దూరంగా మేస్తూ, పాలివ్వడానికి మాత్రం వచ్చి వెళుతుంది. మనిషి అక్కడే నిలబడి ఉంటే ఆ పూట పాలు ఉండవు.